ఏర్పేడు వైపు ఇంటి బేరాలు: మండీ సొమ్ము కదలకుండా చూసుకోవలసిన లెక్కలు

ఏర్పేడు: ఖరీఫ్ వేరుశనగ రాక సన్నగిల్లి, కొత్త చింతపండు బేరాలు ఇంకా ఊపందుకోని రోజుల్లో చిత్తూరు సీమ మండీలకు కాస్త తీరిక చిక్కుతుంది. చిట్టా, ఆవర్జా సరిచూసుకుని, బయటి బాకీలు కొంతవరకు వసూలు చేసుకున్న వర్తకుని చేతిలో నాలుగు డబ్బులు కనబడే కాలం కూడా అదే. స్థలాల దళారులు మండీ మెట్లెక్కేది సరిగ్గా అప్పుడే. వారి సంచిలో లేఅవుట్ నకళ్లు, నోట ఐ.ఐ.టి. పేరు సిద్ధంగా ఉంటాయి.

ఏర్పేడు పేరు ఇంటి బేరాల్లో వినబడడానికి కారణాలు లేకపోలేదు. గూడూరు–రేణిగుంట రైలు మార్గంలో స్టేషను ఉన్నది. తిరుపతి నుంచి శ్రీకాళహస్తి మీదుగా నాయుడుపేట పోయే 71వ నంబరు జాతీయ రహదారి ఈ ఊరి మీదుగానే సాగుతుంది. నకిరేకల్లు నుంచి మార్కాపురం, కనిగిరి, వెంకటగిరి దాటి వచ్చే 565వ నంబరు రహదారి ఇక్కడే ముగుస్తుంది. రేణిగుంట విమానాశ్రయం పొరుగునే ఉన్నది. 2015లో మొదలైన తిరుపతి ఐ.ఐ.టి.కి ఏర్పేడు–వెంకటగిరి రోడ్డులో శాశ్వత ప్రాంగణం ఏర్పడింది. అదే ఏడాది పుట్టిన ఐసర్ కూడా ఈ మండలంలోనే శ్రీనివాసపురం వద్ద స్థిరపడింది. వీటికి తోడు విశాఖ–చెన్నై పారిశ్రామిక కారిడార్‌లో శ్రీకాళహస్తి–ఏర్పేడు ఒక నోడ్. ఆ కారిడార్‌కు ఆసియా అభివృద్ధి బ్యాంకు 2016లో 63.1 కోట్ల డాలర్లు మంజూరు చేసింది.

ఇవన్నీ నిజాలే. ఐతే రహదారి వచ్చిన చోటల్లా ఇళ్లకు గిరాకీ వెంటనే రాదు. ఐ.ఐ.టి. వంటి సంస్థల్లో విద్యార్థులంతా, ఆచార్యులు చాలామంది ప్రాంగణంలోనే నివసిస్తారు. అద్దెల ఆశతో కొనదలచినవారు ఈ సంగతి మరువరాదు. ఇక్కడ ముచ్చటించేది కాపురానికి ఇల్లు కొనదలచిన వర్తకుని సంగతి. అతనికి జీతగాడికి లేని చిక్కు ఒకటున్నది. జీతగాడు దాచిన సొమ్ము బ్యాంకులో సొమ్ముగానే ఉంటుంది. వర్తకుని సొమ్ము ఎప్పుడూ గోదాములో సరుకై ఉంటుంది, కాకుంటే ఎవరో ఒకరి మీద బాకీయై ఉంటుంది. దానిని ఒకసారి ఇటుకలోకి మార్చితే మళ్లీ సరుకు కావడం తేలిక కాదు. ఫసలు సమయానికి చేతిలో రొక్కం లేని మండీకి రైతు బండి రాదు. వచ్చినా పక్క మండీకి మళ్లుతుంది. కనుక ఇంటి ధర ఎంత అన్నదానికంటె, ఆ ధరకు సొమ్ము ఎక్కడినుంచి వస్తున్నది అన్నది ముందు తేల్చుకోవాలి.

ఎనిమిది లక్షలకు ఎంత ఇల్లు?

ఒక లెక్క వేసి చూద్దాం. ఇంటి ధర 40 లక్షల రూపాయలు అనుకుందాం. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం గృహరుణం 30 లక్షల లోపు ఐతే ఇంటి విలువలో 90 శాతం దాకా, 30 లక్షలు దాటి 75 లక్షల వరకు 80 శాతం దాకా, ఆపైన 75 శాతం దాకా బ్యాంకులు ఇవ్వవచ్చు. అంటే 40 లక్షల ఇంటికి గరిష్ఠంగా 32 లక్షలు. మిగిలిన 8 లక్షలు చేతిలో ఉంటే చాలునని చాలామంది బేరానికి దిగుతారు. తప్పు ఇక్కడే మొదలవుతున్నది.

ఆంధ్రప్రదేశ్‌లో క్రయ దస్తావేజుకు స్టాంపు సుంకం 5 శాతం, బదలాయింపు సుంకం ఒకటిన్నర శాతం, రిజిస్ట్రేషన్ రుసుము 1 శాతం, వెరసి ఏడున్నర శాతం. 40 లక్షల మీద ఇది 3 లక్షలు. దస్తావేజులో రాసిన ధర ప్రభుత్వ మార్కెట్ విలువకంటె తక్కువగా ఉంటే ఆ విలువ మీదనే కట్టవలసి వస్తుంది. ఈ ఖర్చును ఇంటి విలువలో కలిపి అప్పు ఇవ్వరాదని రిజర్వు బ్యాంకు 2012లోనే చెప్పింది. 10 లక్షల లోపు ఇళ్లకు మాత్రం తర్వాత సడలింపు వచ్చింది. కనుక ఈ 3 లక్షలు సొంత సొమ్మే కావాలి. వకీలు అభిప్రాయం, ఇంజనీరు మదింపు, బ్యాంకు రుసుములు, కరెంటు మీటరు, కొళాయి, చిన్నచిన్న మరమ్మతులు, గృహప్రవేశం అన్నీ పొదుపుగా వేసినా లక్షన్నర. వీటిపైన ఆరు నెలల వాయిదాలు పక్కన పెట్టుకోవాలి. 32 లక్షల అప్పుకు 20 ఏళ్ల గడువు, ఎనిమిదిన్నర శాతం వడ్డీ ఐతే నెలసరి వాయిదా 27,770 రూపాయలు. ఆరు వాయిదాలు లక్షా 66 వేల పైచిలుకు. అన్నీ కూడితే 14 లక్షలు దాటుతున్నది.

చేతిలో ఉన్న 8 లక్షలకూ, కావలసిన 14 లక్షలకూ మధ్యనున్న 6 లక్షలు ఎక్కడినుంచి రావాలి? ఆచరణలో వచ్చేది మండీలోనుంచే. 2025–26 ఖరీఫ్‌కు కేంద్రం ప్రకటించిన వేరుశనగ మద్దతు ధర క్వింటాలుకు 7,263 రూపాయలు. ఆ లెక్కన 6 లక్షలంటే 82 క్వింటాళ్ల పైచిలుకు సరుకు. ఇది ఒక్కసారి కొని అమ్మే సరుకు కాదు. ఫసలులో ఆ సొమ్మే మూడు నాలుగుసార్లు తిరుగుతుంది. ఆ తిరుగుడు నిలిచిపోకుండా వర్తకుడు బయట అప్పు చేస్తాడు. బజారులో నూటికి 2 రూపాయల వడ్డీ ఐనా 6 లక్షలకు నెలకు 12 వేలు, ఏడాదికి లక్షా 44 వేలు. ఇంటికి తెచ్చిన అప్పు ఎనిమిదిన్నర శాతమని పైకి కనబడుతున్నా, ఆ ఇంటిలో కలిసిపోయిన 6 లక్షలకు అతడు కడుతున్నది 24 శాతం. ఈ వడ్డీ ఇంటి ఖాతాలో పడదు, వ్యాపారం ఖాతాలో పడుతుంది. అందుచేత ఇంటివల్ల వచ్చిన నష్టమని ఎవరికీ తోచదు; ‘ఈ ఏడు వ్యాపారం మందకొడి’ అని సరిపెట్టుకుంటారు.

ఇంటికి చవక వడ్డీకి ఇరవై ఏళ్ల అప్పు దొరుకుతుంది. సరుకుకు అలాంటి అప్పు ఎవరూ ఇవ్వరు. చవక అప్పు దొరికే చోట సొంత సొమ్ము కుమ్మరించి, దొరకని చోట అప్పు చేయడం ఏ ఆవర్జాలోనూ గిట్టుబాటు కాదు. వ్యాపారానికి బయట 8 లక్షలే ఉన్నవాడు 40 లక్షల ఇంటికి కాక 28 లక్షల ఇంటికి తగినవాడు. 28 లక్షలకు పది శాతం వాటా 2 లక్షల 80 వేలు, రిజిస్ట్రేషన్ 2 లక్షల 10 వేలు, ఇతర ఖర్చులు లక్షన్నర, ఆరు వాయిదాలు లక్షా 31 వేలు. మొత్తం 8 లక్షల లోపే తేలుతుంది. 90 శాతం ఇవ్వడానికి బ్యాంకు ఒప్పుకోకపోతే ఇంకా కిందికి దిగాలి, లేదా ఇంకో రెండు ఫసళ్లు ఆగాలి.

క్యాష్ క్రెడిట్ ఖాతాలోనుంచి ఇంటికి సొమ్ము తీయడం మరీ ప్రమాదం. సరుకు మీద ఇచ్చిన అప్పును స్థలం మీద పెట్టినట్టు తేలితే బ్యాంకు దానిని దారి మళ్లించడంగానే చూస్తుంది. లిమిట్ తగ్గించినా, వెనక్కు పిలిచినా వర్తకునికి ఊపిరాడదు. ఉన్న ఇంటిని ఆ లిమిట్‌కే తాకట్టు పెట్టినవారి పరిస్థితి చెప్పనక్కరలేదు.

ఆవర్జాలో మూడేళ్ల ముందే

రెండో చిక్కు ఆదాయం చూపడం. వ్యాపారస్థునికి గృహరుణం ఇచ్చేముందు బ్యాంకులు సాధారణంగా రెండు మూడేళ్ల ఆదాయపు పన్ను రిటర్నులు అడుగుతాయి. నెలసరి ఆదాయంలో సుమారు సగానికి మించి వాయిదాలకు పోరాదన్నది వాడుకలో ఉన్న లెక్క. 27,770 రూపాయల వాయిదాకు ఏడాదికి 6 లక్షల 66 వేల ఆదాయం కాగితం మీద ఉండాలి. ఏడాదికి 3 లక్షలు చూపిన వర్తకుడు మండీలో ఎంత గొప్పవాడైనా, బ్యాంకు లెక్కలో అతని వాయిదా స్థోమత నెలకు 12,500 మాత్రమే. ఆ లెక్కన అప్పు పద్నాలుగున్నర లక్షలు దాటదు.

పన్ను భయంతో ఆదాయం తగ్గించి చూపడం పాత అలవాటు. 2025–26 ఆర్థిక సంవత్సరం నుంచి కొత్త పన్ను పద్ధతిలో 12 లక్షల దాకా ఆదాయం గలవారికి రిబేటు వల్ల పన్ను పడదు. ఈ హద్దు లోపల ఉండే చిన్న, మధ్య తరగతి వర్తకుడు తగ్గించి చూపితే మిగిలేది ఏమీ లేదు, పోయేది మాత్రం ఇంటి అప్పు. ఐతే ఆ కొత్త పద్ధతిలో సొంత కాపురపు ఇంటి అప్పు వడ్డీకి మినహాయింపు లేదు. పాత పద్ధతిలో ఏడాదికి 2 లక్షల దాకా ఉన్నది. ఏది లాభమో ఆడిటరు చేత రెండు విధాల లెక్క కట్టించుకోవడం మంచిది.

చిన్న వర్తకులకు ఖాతాలు విడిగా రాయకుండా అమ్మకాలలో ఒక శాతాన్ని లాభంగా చూపే వెసులుబాటు ఉన్నది. బ్యాంకు ద్వారా వచ్చిన అమ్మకాలకు 6 శాతం, నగదు అమ్మకాలకు 8 శాతం. దళారులు, కమీషన్ ఏజెంట్లు ఇక్కడ జాగ్రత్త పడాలి. కమీషన్, దళారీ ఆదాయానికి ఈ వెసులుబాటు వర్తించదు. మండీలో సగం మంది సొంత సరుకూ కొంటారు, కమీషన్ మీద కూడా అమ్ముతారు. ఆ రెండింటినీ కలిపి చూపిన రిటర్ను బ్యాంకు మేనేజరు బల్ల మీద నిలబడదు. కనుక ఇల్లు కొనాలన్న ఆలోచన కనీసం మూడేళ్ల ముందు ఆవర్జాలో మొదలు కావాలి.

హామీ సంతకాల సంగతి కూడా ఇదే. తోటి వర్తకునికి మాట సాయంగా పెట్టిన సంతకం పరపతి సంస్థల నివేదికల్లో నమోదై ఉంటుంది. అతడు వాయిదా తప్పితే ఆ మచ్చ హామీదారుని మీద కూడా పడుతుంది. బ్యాంకుకు పోయే ముందు తన నివేదిక తాను తెప్పించుకుని చూసుకుంటే, మరచిపోయిన సంతకాలు కొన్ని బయటపడవచ్చు.

వాయిదా నెలనెలా, రాబడి ఫసలుకు

జీతగాడి వాయిదా జీతంతో పాటే వస్తుంది, పోతుంది. వర్తకుని రాబడికి నెలలు లేవు. వేరుశనగ, చింతపండు, బెల్లం, మామిడి ఒక్కొక్కటి ఒక్కో కాలంలో చేతికి వస్తాయి. మధ్యలో రెండు మూడు నెలలు బోసిగా ఉంటాయి. వాయిదా మాత్రం ఆగదు. అందుకే పైన చెప్పిన ఆరు వాయిదాల నిధి అలంకారానికి కాదు.

కొన్ని బ్యాంకులు గృహరుణాన్ని ఓవర్‌డ్రాఫ్టు పద్ధతిలో ఇస్తున్నవి. సరుకు అమ్ముడుపోయి చేతిలో ఉన్న రొక్కాన్ని ఆ ఖాతాలో వేస్తే అన్నాళ్లు అంతమేరకు ఇంటి అప్పుకు వడ్డీ పడదు. కొనుగోళ్లు మొదలైనప్పుడు మళ్లీ తీసుకోవచ్చు. వడ్డీ రేటు ఒకింత ఎక్కువ ఉండవచ్చు. ఐనా ఫసలుకు ఫసలుకు మధ్య కరెంటు ఖాతాలో వడ్డీ లేకుండా నిద్రపోయే సొమ్ముకు ఇంతకంటె మంచి పని లేదు. వర్తకులలో దీనిని అడిగి తీసుకునేవారు తక్కువగా ఉండడం ఆశ్చర్యమే.

వడ్డీ రేటు ఇరవై ఏళ్లూ ఒకేలా ఉండదు. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపల రిజర్వు బ్యాంకు రెపో రేటు 4 శాతం నుంచి 6.50 శాతానికి పెరిగింది. 2019 అక్టోబరు నుంచి బ్యాంకుల కొత్త గృహరుణాలు రెపో వంటి బయటి రేటుకు ముడిపడి ఉన్నందున ఆ పెరుగుదల నేరుగా ఇళ్లకు తగిలింది. 32 లక్షల అప్పు 7 శాతం మీద 24,810 రూపాయల వాయిదా ఐతే, తొమ్మిదిన్నర మీద 29,828. నెలకు 5 వేల తేడా. చాలా బ్యాంకులు అప్పట్లో వాయిదా పెంచక, గడువును పొడిగించాయి. ఏది కావాలో కోరుకునే హక్కు అప్పు తీసుకున్నవారికి ఉండాలని రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో ఆదేశించింది. మారే వడ్డీ మీద వ్యక్తులు తీసుకున్న గృహరుణాన్ని ముందే తీర్చితే జరిమానా లేదు. మంచి ఫసలు వచ్చిన ఏడు ఈ సదుపాయం వాడుకోవచ్చు.

ముందు వాటా కూడబెట్టడానికి చాలామంది చీటీలు వేస్తారు. 1982 చీటీల చట్టం కింద రిజిస్టరైన చీటీ ఐతే సరే. పెద్దమనిషి నోటి మాట మీద నడిచే చీటీలో ఇంటి సొమ్ము పెట్టడం మాత్రం నష్టానికి తలుపు తీసి పెట్టడమే.

కాగితాల పరీక్ష

డబ్బు లెక్క తేలిన తర్వాతనే కాగితాల దగ్గరకు పోవాలి. మండీలో లక్షల బేరం ఒక్క మాట మీద సాగుతుంది. సరుకు బాగాలేకుంటే తరుగు కొట్టి సరిచేసుకుంటారు. భూమికి తరుగు కొట్టడం కుదరదు. హక్కు ఉన్నదా లేదా, రెండే మాటలు.

దక్షిణ రాయలసీమలో మొట్టమొదట చూడవలసింది డి.కె.టి. పట్టాల సంగతి. భూమి లేని పేదలకు ప్రభుత్వం దరఖాస్తు మీద ఇచ్చిన భూములు ఇవి. 1954 జూన్ 18 తర్వాత ఇచ్చిన పట్టాలలో అమ్మరాదన్న షరతు ఉన్నది. 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం ఆ అమ్మకాలను చెల్లనివిగా చేసింది. కొన్నవానికి హక్కు రాదు సరిగదా ప్రభుత్వం భూమిని వెనక్కు తీసుకోవచ్చు. 2023లో ఆ చట్టాన్ని సవరించి, ఇచ్చి 20 ఏళ్లు నిండిన సాగు భూములను అమ్ముకునే వీలు కల్పించారు. 2024లో ప్రభుత్వం మారిన పిమ్మట అలా విడుదలైన భూముల రిజిస్ట్రేషన్లు ఆపి విచారణకు పెట్టారు. ‘ఇది ఇప్పుడు ఫ్రీహోల్డ్ ఐపోయింది’ అని దళారి చెప్పే మాటకు ఎంత విలువ ఇవ్వాలో దీనిని బట్టి తెలుస్తుంది. రిజిస్ట్రేషన్ చట్టం 22–ఎ నిషేధ జాబితాలో సర్వే నంబరు ఉన్నదో లేదో బయానాకు ముందే చూసుకోవాలి. చెరువు, వాగు పోరంబోకు, దేవస్థానం, మఠం భూములు ఆ జాబితాలోకే వస్తాయి. తిరుపతి, శ్రీకాళహస్తి రెండు పుణ్యక్షేత్రాల మధ్యనున్న ప్రాంతంలో దేవాదాయ భూమి ఎక్కడ ఎదురైనా వింత కాదు.

పూర్వం కాళహస్తి జమీందారీలో ఉన్న గ్రామాలకు మరొక మెలిక ఉన్నది. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత జరిగిన సెటిల్‌మెంటులో పట్టా ఎవరికి వచ్చిందన్నది ఆ భూమికి మూలం. అమ్మేవాని తాత పేరు దస్తావేజులో ఉన్నా, సెటిల్‌మెంటు రికార్డులో ‘ప్రభుత్వ బంజరు’ అని ఉంటే ఆ గొలుసు మొదట్లోనే తెగినట్టు.

ఒకే భూమి చిరునామా కాలాన్ని బట్టి మారి ఉంటుంది. 1985లో మండలాలు ఏర్పడక ముందు తాలూకా పేరుతోను, ఆ తర్వాత చిత్తూరు జిల్లా ఏర్పేడు మండలంగాను, 2022 ఏప్రిల్ 4 నుంచి తిరుపతి జిల్లా కిందను కనబడుతుంది. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే పూర్తయిన గ్రామాలలో పాత సర్వే నంబరు స్థానంలో ఎల్.పి.ఎం. నంబరు వచ్చింది. పాత నంబరుకు కొత్త నంబరు సరిపోయిందా, విస్తీర్ణంలో తేడా వచ్చిందా అన్నది 1–బి, అడంగల్, పటం మూడింటితోను సరిచూసుకోవాలి.

ఇ.సి. తీసుకుంటే చాలునన్న భ్రమ కూడా ఉన్నది. ఇ.సి.లో కనబడేవి రిజిస్టరైన లావాదేవీలే. రిజిస్టరు కాని వీలునామా, కుటుంబంలో నోటి పంపకం, నోటరీ ఒప్పందం అందులో ఉండవు. కంప్యూటరులో సాధారణంగా 1983 నుంచి దొరుకుతుంది. అంతకు ముందుది దరఖాస్తు పెట్టి వెతికించుకోవాలి. బయటి పవర్ ఆఫ్ అటార్నీ మీద, ఒప్పందం మీద చేతులు మారిన స్థలానికి హక్కు బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చి చెప్పింది. అంతెందుకు, రిజిస్ట్రేషన్ జరిగినంత మాత్రాన ప్రభుత్వం హక్కుకు పూచీ పడదు. అలా పూచీ ఇవ్వాలని తెచ్చిన భూ హక్కుల చట్టం రాష్ట్రంలో 2023 అక్టోబరు 31న అమలులోకి వచ్చి, తీవ్ర వివాదమై 2024లో రద్దయింది.

అమ్మేవాని అక్కచెల్లెళ్ల సంతకాలు మరొక ముఖ్యాంశం. పిత్రార్జితంలో కుమార్తెలకు సమాన హక్కు ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచే ఉన్నది. అప్పటికి పెళ్లి కాని ఆడపిల్లలకు అది వర్తించింది. 2005లో కేంద్ర చట్టం ఆ తేడాను కూడా తీసివేసింది. ‘ఆడపడుచులకు అప్పుడే ఇచ్చేశాం’ అనే మాట దస్తావేజు కాదు.

పాత జిల్లాలో అందరికీ తెలిసిన ఒక ఉదంతం ఉన్నది. 2024 జులై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయంలో అగ్నిప్రమాదం జరిగి రెవెన్యూ దస్త్రాలు కాలిపోయాయి. ప్రభుత్వం దర్యాప్తుకు ఆదేశించింది. దాని లోతుపాతులు అలా ఉంచితే, కొనేవానికి ఉపయోగపడే సంగతి ఒకటున్నది. కార్యాలయంలో ఉన్నదన్న ధీమాతో నకలు తీసుకోకుండా ఉండరాదు. ధ్రువీకరించిన నకళ్లు బేరం దశలోనే తీసుకుని దాచుకోవాలి.

పారిశ్రామిక నోడ్ మాట చెప్పి అమ్మే స్థలాలకు తలకిందుల ప్రశ్న వేయాలి. పరిశ్రమల కోసం భూసేకరణ ప్రకటనలో ఈ సర్వే నంబరు ఉన్నదా? 2013 భూసేకరణ చట్టం కింద ప్రాథమిక ప్రకటన వెలువడిన తర్వాత ఆ భూమి మీద క్రయవిక్రయాలు చేయరాదు. నోడ్ దగ్గర స్థలం వేరు, నోడ్ లోపలి స్థలం వేరు.

లేఅవుట్లకు సంబంధించి, ఆ గ్రామం తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలో ఉన్నదా, అనుమతి నంబరు ఏది అన్నది సర్వే నంబరుతో అడగాలి. 500 చదరపు మీటర్లు దాటిన వెంచరు, ఎనిమిది దాటిన ఫ్లాట్లు రెరాలో నమోదు కావాలి. అలా నమోదైన చోట, ఒప్పందం రిజిస్టరు చేయకుండా ధరలో పదో వంతు మించి పుచ్చుకునే హక్కు బిల్డరుకు లేదు. పంచాయతీ తీర్మానం చూపించి ‘అనుమతి’ అనేవారి మాటలు చెవిన పెట్టనక్కరలేదు.

అంకణం ఎన్ని అడుగులు?

పుట్టి ఒకచోట ఒక కొలత, మరొకచోట మరో కొలత అని ధాన్యం వర్తకులకు తెలియనిది కాదు. ఇంటి స్థలంలో అంకణానిది ఇదే తీరు. తిరుపతి వైపు అంకణం 36 చదరపు అడుగులు, నెల్లూరు వైపు 72. ఏర్పేడు ఈ రెండు వాడుకల మధ్యనున్న ఊరు. వెంకటగిరి నుంచి వచ్చిన దళారికీ, రేణిగుంట నుంచి వచ్చిన దళారికీ అంకణం ఒక్కటే మాట, కొలత మాత్రం రెట్టింపు తేడా. 30 అడుగులకు 40 అడుగుల స్థలం ఒక లెక్కలో 33 అంకణాల పైచిలుకు, మరో లెక్కలో 17 అంకణాలకు తక్కువ. ధర చదరపు గజాల్లో అడిగి, దస్తావేజులో కూడా గజాలు, మీటర్లు రాయించుకుంటే తగవు రాదు.

స్థలాన్ని ఎండాకాలంలో ఒకసారి, వానాకాలంలో ఒకసారి చూడాలి. మేలో బోరు నీళ్లు ఎలా ఉన్నవో పొరుగు ఇంటివారిని అడిగితే తెలుస్తుంది. వాన సంగతి 2021 నవంబరు నేర్పింది. ఆ నెల కురిసిన వానలకు తిరుపతి వీధులు ఏరులయ్యాయి, స్వర్ణముఖి పొంగింది, రాయలచెరువు కట్ట తెగుతుందన్న భయంతో దిగువ పల్లెలు ఖాళీ చేయించారు. చెరువులోకి నీరు పోయే కాలువ మీద వేసిన లేఅవుట్ వేసవిలో చక్కని మైదానంలాగే కనబడుతుంది.

బయానా, నగదు, పేర్లు

బయానా ఇవ్వడానికి వర్తకునికి చెయ్యి తిరిగిన అలవాటు నగదు. 2015 జూన్ నుంచి స్థిరాస్తి బేరంలో 20 వేలు, అంతకు మించి నగదుగా పుచ్చుకోవడం చట్టవిరుద్ధం. అమ్మేవాని మీద పుచ్చుకున్నంత మొత్తం జరిమానాగా పడే నిబంధన తెచ్చారు. నగదుగా ఇచ్చింది దస్తావేజులో కనబడదు కనుక బేరం చెడితే వెనక్కు రాబట్టుకోవడం కొనేవాని తలనొప్పి. ధరలో కొంత ‘లోపల’, కొంత ‘బయట’ అని రాసుకుంటే మరో నష్టం కూడా ఉన్నది. బ్యాంకు అప్పు లెక్క కట్టేది దస్తావేజు ధర మీదనే. బయటి భాగం అంతా సొంత రొక్కం కావాలి, అంటే మళ్లీ మండీ సొమ్మే. 50 లక్షలు, ఆపైన ధర గల ఇంటికి కొనేవాడే 1 శాతం పన్ను మినహాయించి ప్రభుత్వానికి జమ కట్టాలని 2013లో వచ్చిన నిబంధనను కూడా చాలామంది నోటీసు వచ్చిన తర్వాతనే తెలుసుకుంటున్నారు.

అన్నదమ్ములు, స్నేహితులు కలిసి నడిపే భాగస్వామ్య వ్యాపారాల్లో ఇంకో తిరకాసు ఉన్నది. 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం, వేరే ఉద్దేశం కనబడితే తప్ప, సంస్థ సొమ్ముతో కొన్న ఆస్తి సంస్థదే. ఒక భాగస్వామి తన పేరుతో ఇల్లు కొని, సొమ్ము సంస్థ ఖాతానుంచి నేరుగా అమ్మేవానికి పంపితే, పదేళ్ల తర్వాత లెక్కలు విడిపోయే వేళ ఆ ఇల్లు కూడా పంపకానికి వస్తుంది. ముందు తన వాటా కింద సొంత ఖాతాకు తీసుకుని, చిట్టాలో అలాగే రాయించి, అక్కడినుంచి చెల్లించాలి.

ఒప్పందంలో రిజిస్ట్రేషన్ గడువు సాధారణంగా మూడు నెలలు పెడుతుంటారు. ఆ మూడో నెల వేరుశనగ కొనుగోళ్ల మధ్యలో పడకుండా చూసుకోవాలి. బ్యాంకు అప్పు మంజూరు కాకపోతే బయానా తిరిగి ఇవ్వాలన్న షరతు కూడా రాయించుకోవాలి. బేరం కుదిరిన ఉత్సాహంలో ఈ ఒక్క వాక్యం అడగడానికి మొహమాటపడి బయానా పోగొట్టుకున్నవారు తక్కువేమీ కాదు.

రిజిస్ట్రేషన్ అయిన తర్వాత మూల దస్తావేజులు బ్యాంకుకు చేరతాయి. అప్పగించిన ప్రతి కాగితానికి పేరు, నంబరుతో రసీదు తీసుకుని, అదే రోజు మొత్తం కట్ట నకలు ఇంట్లో దాచుకోవాలి. పంచాయతీ పన్ను, కరెంటు కనెక్షను కొత్త పేరుకు మార్పించుకునే పని వాయిదా వేయరాదు. అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లో దస్తావేజులు తిరిగి ఇవ్వాలని, ఆలస్యానికి తాను కారణమైతే బ్యాంకు రోజుకు 5 వేల రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలని రిజర్వు బ్యాంకు పెట్టిన నిబంధన 2023 డిసెంబరు 1 నుంచి అమలులో ఉన్నది. ఆనాటికి అడగడానికి చేతిలో ఆ రసీదు ఉండాలి.